అరగదీసుడా, చుట్టి కొట్టుడా, సాగదీసుడా: ఏ సైన్యానికి ఏది పనికొస్తది

అట్రిషన్ (అరగదీసుడు) అనంగనే మనోళ్లకు ఒకటే బొమ్మ కండ్ల ముంగట తిరుగుతది, బురద కందకాలు, బుర్ర లేని జనరల్స్, వేలమంది పోరగాండ్లను మెషిన్ గన్ల ముంగటికి నడిపిచ్చుడు. మెన్యూవర్ (చుట్టి కొట్టుడు) అనంగనే ట్యాంకులు, మెరుపు దాడి, మ్యాప్ మీద పెద్ద పెద్ద బాణాలు. హన్మకొండల సీడీఎస్‌కు (సైన్యంల ఆఫీసర్ కొలువు పరీక్ష), గ్రూప్స్‌కు చదివే పిల్లలు చాయ్ కాడ కూసుంటే ఈ ముచ్చట రాకుంట పోదు, అందరు మెన్యూవర్ దిక్కే మాట్లాడ్తరు, ఎందుకంటే అది తెలివిగల్లోళ్ల యుద్ధం లెక్క కొడ్తది. నాకు మాత్రం ఆ ఇజ్జత్ అంత ఒక్కదానికే ఇయ్యబుద్ధి కాదు. ఎందుకో చెప్త, చివరికి ఎవరికి ఏది సెట్ అయితదో సుత చెప్త.

ముందుగాల మూడు దారులు ఏందో చూద్దాం. అరగదీసుడు అంటే శత్రువు దగ్గరున్న మనుషులు, ఫిరంగులు, షెల్స్, ట్రక్కులు, పైసలు అన్నీ రోజురోజుకు తగ్గించుకుంట పోయి ఇగ కొట్లాడే తాకత్ లేకుంట చేసుడు, ఊర్లు పట్టుకునుడు తర్వాత సంగతి. చుట్టి కొట్టుడు అంటే వాడు బలంగ ఉన్న కాడికి పోకుంట పక్క నుంచో ఎనుక నుంచో దూరి రోడ్లు, సప్లై, హెడ్‌క్వార్టర్ కోసేసుడు, ఆర్డర్ ఇచ్చేటోడికి ఏం జరుగుతుందో సమజ్ కాకముందే కథ అయిపోవాలె. మూడోది సాగదీసుడు. పెద్ద లడాయికి చిక్కకుంట తప్పించుకుంట తిరిగి వాని ఓపిక, ఖజానా ఖాళీ చేసుడు. రోమ్ సేనాని ఫేబియస్, మీదికొచ్చిన కార్తేజ్ సేనాని హానిబాల్‌ను ఇట్లనే సతాయించిండు, జనానికి అది పిరికితనం లెక్క అనిపించి క్రీస్తుపూర్వం 216ల కానే అనే ఊరి కాడ పెద్ద సైన్యాన్ని తీస్కపోయి ఎదురు నిలబెట్టిన్రు, ఒక్క రోజుల ఆ సైన్యం తుడిచిపెట్టుకపోయింది, మళ్ల ఫేబియస్ దారికే రావాల్సొచ్చింది.

జర్మన్ చరిత్రకారుడు హాన్స్ డెల్బ్రూక్ ఒక్కదెబ్బతోని కూలగొట్టే యుద్ధం వేరు, అలసగొట్టే యుద్ధం వేరు అని విడదీసిండు, అప్పటి జర్మన్ ఆర్మీ ఆఫీసర్లకు ఆ మాటలు నచ్చక మస్తు గొడవ చేసిన్రు. ఆ పంచాయితీ ఇంకా తెగలే.

మన కోట సంగతి

ఖిలా వరంగల్ పోతే అందరం తోరణాల కాడ ఫొటోలు దిగి వస్తం, బయట మట్టికోటను ఎవ్వరు పట్టించుకోరు. 1310ల ఢిల్లీ సుల్తాన్ సేనాని మాలిక్ కాఫూర్ వచ్చినప్పుడు మొదలు చేసిన పని ఏందంటే హన్మకొండ గుట్ట పట్టుకునుడు, అక్కడి నుంచి ఊరంత కనపడ్తది కాబట్టి. తర్వాత కందకం పూడ్చిన్రు, రాళ్లు విసిరే యంత్రాలు పెట్టి మట్టిగోడను కొట్టిన్రు, అది అంత సులువుగ పడలేదని అమీర్ ఖుస్రో సుత రాసిండు. మట్టికోట పోయినంక జనమంత లోపలి రాతికోటల కిక్కిరిసిన్రు, ప్రతాపరుద్రుడు ఏనుగులు, గుర్రాలు, సొమ్ము ఇచ్చి సంధి చేసుకున్నడు. రాతిగోడ మాత్రం నిలబడే ఉన్నది.

అసలు చూడాల్సింది దాని తర్వాతి ముచ్చట. 1321 ఆ టైంల ఉలుగ్ ఖాన్ వచ్చిండు, అదే తర్వాత ముహమ్మద్ బిన్ తుగ్లక్ అయినాయన. నెలల తరబడి చుట్టేసి కూసున్నడు, సప్లై దారులు మూసిండు. అంతల ఢిల్లీల సుల్తాన్ సచ్చిపోయిండని పుకారు లేసింది, ఆయన సొంత సర్దార్లే చెల్లాచెదురై పోయిన్రు, ఉలుగ్ ఖాన్ దేవగిరి దాకా ఎనుకకు పోవాల్సొచ్చింది. ఇగ గెలిచినం అనుకొని ప్రతాపరుద్రుడు ధాన్యం కొట్లు తెరిచి జనానికి విందులు పెట్టిచ్చిండని చరిత్రకారులు రాసిన్రు. 1323ల ఉలుగ్ ఖాన్ కొత్త బలగం తీస్కొని మళ్ల వచ్చిండు. లోపల గింజలు లేవు. ఈసారి ఐదు నెలలకు కోట పడిపోయింది, ప్రతాపరుద్రుని ఢిల్లీకి పట్టుకపోతుంటే నర్మద ఒడ్డున ప్రాణం పోయింది.

రెండుసార్లు గోడలు అవే, 45 బురుజులు అవే, ఎదురొచ్చిన మనిషి సుత అతనే. వానికి దేవగిరిల అడ్డా ఉన్నది, ఢిల్లీ నుంచి కొత్త మనుషులు వస్తరు, మనకు ఖర్చయిన ధాన్యం మళ్ల నింపుకునే టైం దొరకలే. నేను అట్రిషన్ గురించి చెప్పేదంత ఇందుల్నే ఉన్నది. బావిల నీళ్లు ఎన్ని గజాలున్నయ్ అని చూసి మోటర్ పెట్టేటోడు మునుగుతడు, ఊట ఎంతుందో చూసేటోడు పంట తీస్తడు. యుద్ధంల సుత చచ్చినోళ్ల లెక్క కంటే ఊట లెక్క ముఖ్యం.

అరగదీసుడు ఎక్కడ పని చేసింది, ఎక్కడ బెడిసికొట్టింది

ఫ్రాన్స్‌ల వెర్దున్. 1916 ఫిబ్రవరి 21న మొదలై డిసెంబర్ దాకా నడిచింది. జర్మన్ జనరల్ ఫాల్కెన్‌హైన్ ప్లాన్ ఏందంటే ఫ్రెంచోళ్లు వదులుకోలేని జాగ మీద కొడ్తం, వాళ్లు కాపాడుకోనీకి వస్తరు, వచ్చినోళ్లను ఫిరంగులతోని తినేస్తం. వినడానికి లెక్క బరాబర్ ఉంటది. కానీ ఫ్రెంచ్ జనరల్ పెతాన్ డివిజన్లను మార్చుకుంట మార్చుకుంట పంపిండు, ఒక్క రోడ్డు మీద రాత్రి పగలు ట్రక్కులు నడిపిచ్చి సప్లై ఆగకుంట చూసిండు. చివరికి రెండు దిక్కులా కలిపి సుమారు 7 లక్షల మంది చచ్చుడో గాయపడుడో, ఇద్దరి నష్టం దాదాపు ఒక తీరే. ఒకనిది అరగదీద్దామని పోయి తనది సుత అంతే అరగదీసుకున్నడు.

ఇంకో తమాషా ఉన్నది. శత్రువును రక్తం కారిచ్చి చంపుడే మా ప్లాన్ అని ఫాల్కెన్‌హైన్ యుద్ధం అయిపోయినంక తన జ్ఞాపకాలల్ల రాసుకున్నడు, ఆ టైంల రాసిన అసలు కాగితం ఎవ్వరికి దొరకలే, అందుకే చరిత్రకారులు చానమంది దాన్ని నమ్మరు. ఫ్రాన్స్‌ల సోమ్ నది కాడ బ్రిటిష్ జనరల్ హేగ్ ముచ్చట సుత దగ్గర దగ్గర అదే. 1916 జులై 1న ఒక్క రోజే 57,470 మంది పోయిన్రు, అంటే చచ్చినోళ్లు గాయపడ్డోళ్లు అంత కలిపి, అండ్ల 19,240 మంది చచ్చినోళ్లే. లైన్ పగలగొడ్తమని పోయి పగలకపోతే, తర్వాత అదంత అరగదీసే పని అని చెప్పుకున్నరు. కాబట్టి ఏ జనరల్ అయినా మధ్యల మాట మార్చి మేము జాగ కోసం కాదు అరగదీయడానికే కొట్లాడుతున్నం అంటే జర డౌట్ పడాలె. ముందే చెప్పి చేసేది వేరు, ఓడిపోయి పెట్టుకున్న పేరు వేరు.

మరి మొదటి ప్రపంచయుద్ధం అంత వేస్టేనా అంటే అట్ల సుత కాదు. 1918 మార్చి 21న జర్మన్లు పెద్ద దాడి చేసి ఏండ్ల సంది కదలని లైన్‌ను పదుల కిలోమీటర్లు జరిపిన్రు, మ్యాప్ చూస్తే గెలుస్తున్నరు అనిపిస్తది. కానీ మంచి సైనికులంత ఆ దాడిలనే ఖర్చయిపోయిన్రు, ముంగటికి పోయినోళ్లకు తిండి, షెల్స్ అందలే, మిత్ర రాజ్యాలకేమో అమెరికా నుంచి నెలనెలా కొత్త మనుషులు దిగుతున్నరు. ఆగస్టు 8న ఎదురు దెబ్బ పడ్డది, నవంబర్ 11కు కథ ఖతం. మార్చిల ముంగటికి పోయినోడు నవంబర్‌ల ఓడిపోయిండు.

వియత్నాంల అమెరికా జనరల్ వెస్ట్‌మోర్‌ల్యాండ్ శవాల లెక్క పెట్టుకుంట కూసున్నడు. వాళ్లు నింపుకునే దానికంటే మేము చంపేది ఎక్కువయ్యే రోజు ఒకటి వస్తది అని ఆయన ఆశ. ఆ రోజు రాలే. ఉత్తరం నుంచి పోరగాండ్లు వస్తనే ఉన్నరు, ఎప్పుడు కొట్లాడాలె ఎప్పుడు దాక్కోవాలె అన్నది సుత వాళ్ల చేతులనే ఉన్నది, అంటే ఎంత అరగాలె అన్నది శత్రువే డిసైడ్ చేస్తున్నడు. 1968 టెట్ దాడిల (వియత్నాం కొత్త సంవత్సరం పండుగప్పుడు చేసిన పెద్ద దాడి) వాళ్లు సైనికంగ దెబ్బతిన్నరు, అయినా ఓపిక పోయింది మాత్రం అమెరికా ఇండ్లల్ల. ఆయన శవాలు లెక్కపెట్టిండు, ఊట ఎక్కడుందో చూడలే.

లెక్క సంగతి వచ్చింది కాబట్టి లాంచెస్టర్ అనే బ్రిటిష్ ఇంజనీర్‌ను గుర్తు చేసుకోవాలె, మొదటి ప్రపంచయుద్ధం టైంల ఒక ఫార్ములా రాసిండు. ఎదురెదురుగ ఒక్కనికి ఒక్కడు కొట్లాడితే 100 మంది మీదికి 50 మంది వస్తే చివరికి 50 మంది మిగులుతరు. అదే తుపాకులతోని అందరు అందరి మీద కాల్చుకుంటే బలం వర్గంల పెరుగుతది, 100కు వర్గం 10,000, 50కి వర్గం 2,500, తీసేస్తే 7,500, దాని వర్గమూలం 87 దగ్గర. అంటే 50 మందిని మొత్తం లేపేసి తనోళ్లను 13 మందినే పోగొట్టుకున్నడు. చిన్న సైన్యం పెద్దదానితోని మైదానంల సమానంగ నిలబడొద్దు అనేది ఇందుకే. నిజం యుద్ధంల ఇంత సాఫ్‌గ ఉండదు, కందకం, గుట్ట, భయం ఇవన్నీ ఫార్ములాల పట్టవు, కానీ దిక్కు మాత్రం చూపిస్తది.

చుట్టి కొట్టుడు ఎనుక ఉన్న కనపడని పని

మనకు దగ్గరి ఉదాహరణ పోలీస్ యాక్షన్. 1948 సెప్టెంబర్ 13న మొదలు, 17కు నిజాం చేతులెత్తేసిండు. షోలాపూర్ దిక్కు నుంచి జె.ఎన్. చౌధురి నడిపిన దళం సీదా హైదరాబాద్ మీదికి వచ్చింది. కాకపోతే దీన్ని చూసి మెన్యూవర్ గొప్పది అనుడు తప్పు, నాలుగు దిక్కులా ఇండియానే, నేల మీదికెళ్లి బయట నుంచి తూటా వచ్చే దారి లేదు. పెళుసుగ ఉన్నదాన్ని కొడితే ఎట్లయినా పగులుతది.

1940 ఫ్రాన్స్ అట్ల కాదు, అది నిజంగ పెద్ద సైన్యం. మే 10న జర్మన్లు దిగిన్రు, ఆర్డెన్స్ అడవుల నుంచి ట్యాంకులు రావు అనుకున్న కాడికెళ్లే వచ్చిన్రు, జూన్ 22కు ఫ్రాన్స్ సంతకం పెట్టింది. ఆరు వారాలు. అదే సైన్యం, అదే ఆటను సంవత్సరం తిరిగినంక 1941 జూన్ 22న రష్యా మీద ఆడింది, లక్షల మందిని చుట్టేసి పట్టుకున్నది, మాస్కో దగ్గరికి పోయింది, అయినా గెలవలే. ఒక సైన్యాన్ని మింగితే ఇంకో సైన్యం లేస్తున్నది, ఫ్యాక్టరీలు ఊరాల్ కొండల అవతలికి తీస్కపోయి పెట్టుకున్నరు. ఊట ఆగనోని మీద ఎంత అందమైన మెన్యూవర్ చేసినా సరిపోదు.

ఇగ స్టాలిన్‌గ్రాడ్ చూడుండ్రి, నాకు అన్నిటికంటే నచ్చే కేసు ఇదే. ఊర్ల ఇంటింటికి కొట్లాడుకుంట జర్మన్ ఆరో ఆర్మీని ఒక్క కాడ ఇరికిచ్చి అరగదీస్తున్నరు, జర్మన్లు మంచి డివిజన్లన్నీ ఊర్లకు గుంజుకొచ్చి పక్కల రొమేనియా సైన్యాన్ని పెట్టిన్రు. 1942 నవంబర్ 19న సోవియట్లు ఆ పక్కల మీద కొట్టి చుట్టేసిన్రు, ఫిబ్రవరి 2కు సరెండర్. నడుమ అరగదీసుడు, పక్కల చుట్టి కొట్టుడు. ఒకటి లేకుంటే ఇంకొకటి అయ్యేది కాదు.

1971 బంగ్లాదేశ్ యుద్ధం సుత అంతే, మనం 13 రోజుల యుద్ధం, 93,000 మంది ఖైదీలు అని చెప్పుకుంటం, డిసెంబర్ 9న మన జనరల్ సగత్ సింగ్ మేఘనా నది మీదికెళ్లి హెలికాప్టర్లతోని సైనికులను దాటిచ్చిన ముచ్చట చెప్పుకుంటం. దానికి ముందు నెలల తరబడి బెంగాలీ గెరిల్లాల దళం ముక్తి బాహిని బ్రిడ్జిలు కూల్చి, రోడ్లు కోసి పాకిస్తాన్ సైన్యాన్ని దేశమంత చెల్లాచెదురుగ కాపలా పెట్టిచ్చుడు, సముద్రం మీద నేవీ దారి మూసుడు, ఇవి ఎవ్వరు చెప్పరు. 1991ల కువైట్ కోసం నేల మీద యుద్ధం 100 గంటలు, నిజమే, కానీ అంతకు ముందు ఐదు వారాలు మీద నుంచి బాంబులే బాంబులు. 100 గంటలను మెచ్చుకునేటోళ్లు ఆ ఐదు వారాల బిల్లు సుత చూడాలె.

ఇప్పుడు ఎందుకు మళ్ల అరగదీసుడే నడుస్తుంది

2022 ఫిబ్రవరి 24న రష్యా కీవ్ మీదికి పోయింది మెన్యూవర్ చేద్దామనే. కీవ్ బయట రోడ్డు మీద బండ్ల లైన్ కిలోమీటర్ల పొడుగు ఆగిపోయింది, మార్చి అయ్యేసరికి ఎనుకకు. తర్వాత తూర్పు ఉక్రెయిన్‌ల బఖ్‌ముత్. ఒక చిన్న ఊరి కోసం నెలల తరబడి, రష్యా కిరాయి సైన్యం వాగ్నర్ బాస్ ప్రిగోజిన్ తనే తన మనుషులు 20,000 మంది పోయిన్రని 2023 మేల చెప్పిండు. అదే ఎండకాలం ఉక్రెయిన్ జపోరిజియా దిక్కు పాశ్చాత్య ట్యాంకులతోని దాడి చేస్తే మందుపాతరలల్ల ఇరుక్కున్నది.

కారణం పెద్ద బ్రహ్మవిద్య ఏం కాదు. ఆకాశంల ఇరవై నాలుగు గంటలు డ్రోన్ ఉంటే చాటుగ సైన్యాన్ని పోగు చేసుడు కష్టం, పోగు చేస్తే నిమిషాలల్ల షెల్ వస్తది, కెమెరాల చూసుకుంట నడిపే ఎఫ్‌పీవీ డ్రోన్ వస్తది, ట్యాంక్ ఒక్కటే రోడ్డు మీదికి వస్తే అయిపోయినట్టే. కాబట్టి ఇద్దరు లోపలికి దాక్కుంటరు, చిన్న చిన్న గుంపులుగ పాకుతరు. అట్లయినంక యుద్ధం ఫ్యాక్టరీల దిక్కు మళ్లుతది. యుద్ధానికి ముందు అమెరికా నెలకు 14,000 దాకా 155 ఎంఎం ఫిరంగి షెల్స్ తయారు చేసేది. యూరప్ 2023 మార్చిల 12 నెలలల్ల 10 లక్షల షెల్స్ ఇస్తమని మాటిచ్చి ఆ గడువుకు సగం దాకనే ఇయ్యగలిగింది. ఊరు పోయిన వార్త కంటే ఈ వార్త నాకు పెద్దదనిపిస్తది.

అయినా మెన్యూవర్ చచ్చిపోలే. 2022 సెప్టెంబర్‌ల ఖార్కివ్ దిక్కు రష్యా లైన్ పలుచగ ఉన్న కాడ ఉక్రెయిన్ దూరి రోజులల్ల పెద్ద జాగ పట్టుకున్నది. ఖేర్సన్‌ల ఇంకో తీరు, సైనికులను చంపుడు మీద కాకుంట ద్నీప్రో నది మీద బ్రిడ్జిలను, గోదాములను హైమార్స్ అనే అమెరికా రాకెట్లతోని కొట్టి కొట్టి, నవంబర్‌ల రష్యాను ఒడ్డు ఖాళీ చేసి పోయేటట్టు చేసిన్రు. అరగదీసుడుల తెలివైన రకం ఏదన్నా ఉంటే అది ఇదే, మనుషులను కాదు సప్లైని అరగదీయాలె.

ఎవరికి ఏది

పొరుగోడు మీకంటే నాలుగింతలు పెద్దగుంటే సమానంగ అరగదీసుకునే ఆటకు అస్సలు పోవద్దు, లాంచెస్టర్ లెక్కనే చెప్తది. ఊర్లు, నదులు, గుట్టలు వాడుకొని వాని నష్టం మీ నష్టానికి మూడు నాలుగింతలు అయ్యేకాడనే నిలబడాలె, అట్ల కానికాడ వదిలేసి ఎనుకకు జరగాలె, జరిగితే ఇజ్జత్ పోతదని కూసుంటే మనుషులు పోతరు. బయట నుంచి ఆయుధాలు ఇచ్చే దోస్తు ఉంటేనే ఎక్కువ రోజులు ఆగొచ్చు, ఆ దోస్తు ఎలక్షన్ల మారిపోతడేమో అన్నది సుత లెక్కల పెట్టుకోవాలె.

మీదే పెద్ద దేశం, టైం మీ దిక్కు ఉన్నది, ఇంట్ల జనం ఓపిక పడ్తరు అంటే అరగదీసుడు పనికొస్తది, కానీ శవాల లెక్క నమ్మొద్దు, వాని రిక్రూట్‌మెంట్, షెల్స్, రిపేర్ అయ్యి తిరిగొస్తున్న బండ్లు, వీటి మీదనే కన్ను ఉండాలె. 2022 సెప్టెంబర్‌ల రష్యా 3 లక్షల మందిని పిలిచిందంటే దాని ఊట అప్పటికే తగ్గిందని అర్థం, మళ్ల నింపుకోగలుగుతది అని సుత అర్థం, రెండూ ఒకేసారి చదవాలె.

వారం పది రోజులల్ల ప్రపంచం అడ్డం వచ్చి ఆపుతది అనుకుంటే చుట్టి కొట్టుడే, వేరే దారి లేదు. మన ఉపఖండంల ఇద్దరి దగ్గర అణుబాంబులు ఉన్నయ్ కాబట్టి ఎక్కువ లోపలికి సుత పోలేం, అందుకే 2001 పార్లమెంట్ దాడి తర్వాత సైన్యం బార్డర్‌కు చేరేసరికి మూడు వారాలు పట్టి అదను పోయింది అన్న విమర్శ అంత గట్టిగ వచ్చింది. జల్ది కదలలేనోనికి జల్ది యుద్ధం ప్లాన్ ఉండి ఏం లాభం.

కొండలల్ల ఎంచుకునుడు తక్కువ, కొండనే ఎంచుతది. సియాచిన్‌ల 1984ల ముందు ఎక్కినోళ్లం మనమే, అది చుట్టి కొట్టుడే, అప్పటి సంది మాత్రం తూటాల కంటే చలి, మంచు ఎక్కువ మందిని తీస్కపోయినయ్. కార్గిల్‌ల 1999ల ఎల్‌ఓసీ దాటొద్దని సర్కారు చెప్పినంక పెద్ద మెన్యూవర్ దారి మూసుకపోయింది, బోఫోర్స్‌లు, మిగతా ఫిరంగులు కలిసి 2.5 లక్షల షెల్స్, బాంబులు, రాకెట్లు పేల్చి శిఖరాలను మెత్తగ చేస్తే పిల్లలు నిట్టనిలువు రాళ్లు పట్టుకొని ఎక్కిన్రు. 527 మంది పోయిన్రు. టైగర్ హిల్ కాడ ఎదురుగ కాకుంట ఎవ్వరు ఎక్కరనుకున్న దిక్కు నుంచి ఎక్కుడు అనేది చిన్న సైజు మెన్యూవరే, ఫిరంగులు లేకుంటే అదీ అయ్యేది కాదు.

మరి ఇంటర్వ్యూల మన దేశానికి ఏది మంచిది అని అడిగితే నేనైతే సిద్ధాంతం దగ్గర మొదలు పెట్ట. 2017ల కాగ్ (సర్కారు లెక్కలు తనిఖీ చేసే సంస్థ) రిపోర్ట్ సైన్యం దగ్గరున్న మందుగుండుల దాదాపు 40 శాతం రకాలు పది రోజుల గట్టి యుద్ధానికి సుత సరిపోవని చెప్పింది, అప్పటి నుంచి కొనుగోళ్లు పెరిగినయ్, ప్రైవేట్ కంపెనీలు సుత షెల్స్ తయారీలకు దిగినయ్. సంగారెడ్డి దిక్కు ఎద్దుమైలారంల సైనికులను మోసే బీఎంపీ బండ్లు చేసే ఫ్యాక్టరీ ఉన్నది కద, యుద్ధం మొదలైనంక అసొంటి ఫ్యాక్టరీ నెలకు ఎన్ని కొత్తయి ఇయ్యగలుగుతది, ఎన్ని పాతయి బాగు చేసి పంపగలుగుతది అన్నది తెల్వకుంట మెన్యూవరా అట్రిషనా అని వాదిచ్చుకుంటే టైం పాస్ తప్ప ఏం లేదు. బోర్డుల కూసున్న ఆఫీసర్‌కు ఈ మాట చెప్తే ఎదురు ప్రశ్నలు పడ్తయ్, పడనీయుండ్రి, 1971ది ఒకటి, కార్గిల్‌ది ఒకటి చేతుల పెట్టుకొని పోతే నిలబడొచ్చు.